మడత బాబాయ్ ఉతికిన చొక్కా

నెత్తురుకు చన్నీళ్ళు, గ్రీజుకు కిరసనాయిలు, చెమటకు ఉప్పునీళ్ళు. మడత బాబాయ్ ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ మూడు ముక్కల మీదే బతికాడు. పటాలం లాండ్రీలో అతనికి తెలియని మరక లేదు. తెలియని మనుషులు మాత్రం చాలామంది. వాళ్ళు చొక్కాలుగా వచ్చేవాళ్ళు, చొక్కాలుగా వెళ్ళిపోయేవాళ్ళు. కాలరు లోపల నల్ల సిరాతో రాసిన నంబరే అతనికి వాళ్ళ మొహం.

చేతికి ఏది దొరికినా మడతపెట్టే అలవాటు వల్ల అతనికి ఆ పేరు వచ్చింది. బస్సు టికెట్టు, పేపరు, టీ కొట్టులో చేతులు తుడుచుకోమని ఇచ్చిన కాగితం, ఏదైనా సరే అంచులు కలిపి, గోటితో గీత లాగి, నాలుగు మడతలు వేస్తే గానీ అతనికి మాట పెగలదు. “బాబాయ్‌కి చిక్కితే కల్నల్‌నైనా నాలుగు మడతలు పెట్టి అరలో సర్దేస్తాడు” అని సిపాయిలు నవ్వుకునేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. ఇంట్లో అతని భార్య మాత్రం నవ్వేది కాదు. “లోకం బట్టలన్నీ తెల్లగా చేస్తావు. నీ కాలరు ఒకసారి అద్దంలో చూసుకో” అనేది.

అతని పనిలో జీతం కాగితం మీద లేని పని ఒకటుంది. చనిపోయిన సిపాయిల బట్టలు ఇంటివాళ్ళకు ఇచ్చే ముందు ఉతికి, ఇస్త్రీ చేసి, కొత్తవాటిలా కట్టడం. అది ఎవరూ చెప్పిన పని కాదు. ఉద్యోగంలో చేరిన ఏడాదే ఒక తల్లి సామాను గదిలో సంచీ విప్పి, లోపలున్నది చూసి, “ఈ మరక ఏమిటి? మరి ఈ మరక?” అని ఒక్కొక్కటీ అడుగుతూ కూర్చుంది. జవాబు చెప్పేవాడు లేడు. ఆ మర్నాటి నుంచి అతనే ఉతకడం మొదలుపెట్టాడు.

ఆఫీసుల్లో మంచితనం ఎక్కువ కాలం మంచితనంగా బతకదు. ముందు అలవాటవుతుంది, తర్వాత రూలవుతుంది, చివరికి చీటీ అవుతుంది. ఇదీ అలాగే అయింది. జబ్బుతోనో ప్రమాదంలోనో పోయినవాడి సంచీకి ఆకుపచ్చ చీటీ కట్టి లాండ్రీకి పంపాలి. చావు మీద అనుమానం ఉంటే ఎర్ర చీటీ కట్టి, సీలు వేసి, విచారణ గదికి పంపాలి. ఎర్ర చీటీ సంచీని బాబాయ్ ముట్టుకోకూడదు. ఆకుపచ్చ చీటీ సంచీని ముట్టుకోకుండా ఉండకూడదు. ముప్పై ఒక్క ఏళ్ళలో అతను ఈ రెండు రంగుల్నీ ఒక్కసారి కూడా కలిపేసుకోలేదు. దాని మీద అతనికి కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ మంగళవారం పొద్దున వచ్చిన సంచీకి ఆకుపచ్చ చీటీ ఉంది. “మెట్ల మీద నుంచి జారిపడి మృతి” అని రాసి ఉంది. బాబాయ్ కాలరు తిప్పి నంబరు చూశాడు. చూసి, అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. ఈ నంబరు వెనక ఉన్న మొహం అతనికి తెలుసు.

కొత్తగా చేరిన సిపాయి. శనివారం శనివారం ఈల వేసుకుంటూ వచ్చి బట్టలు పడేసేవాడు, అందుకే అందరూ వాణ్ణి ఈల అనేవాళ్ళు. ఉతికిన బట్టలు తనే మడతపెడతానని కౌంటరు లోపలికి దూరేవాడు. “బాబాయ్, ఇది చూడు, ఎలా ఉంది?” అంటే, “నీ మడత కంటే కుక్క పడుకుని లేచిన దుప్పటి నయంరా” అనేవాడు బాబాయ్. నెల రోజుల కిందట అదే ఈల, మూడు గుండీలు ఊడిన చొక్కా తెచ్చాడు. ఆరోజు ఈల వెయ్యలేదు.

“ఏరా, గుండీలేవి?”

“తలుపుకు తగులుకుంది బాబాయ్.”

“మూడు గుండీలు తినే తలుపు ఎక్కడుందిరా?”

వాడు నవ్వాడు. బాబాయ్ నవ్వాడు. గుండీలు కుట్టి ఇచ్చాడు. కథ అక్కడితో అయిపోయిందనుకున్నాడు.

ఇప్పుడు ఆ గుండీల చొక్కానే సంచీలో ఉంది. బాబాయ్ బల్ల మీద పరిచాడు. మెడ దగ్గర నెత్తురు ఉంది. అది అతను ఎదురుచూసిందే. చొక్కా బోర్లించాక వీపు మీద నల్లటి గ్రీజు మరక కనిపించింది. అతను దాన్ని మరకగానే చూశాడు. ఇక్కడే ఉంది అతని పొరపాటు అంతా. వేరే ఎవడైనా అయితే ‘ఇదేమిటి’ అనుకునేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళ పనివాడు ‘ఇది దేంతో పోతుంది’ అనుకున్నాడు. మరక పాతబడితే దిగదని కిరసనాయిలు పోసి, గుడ్డతో అద్ది, సబ్బు పట్టించి, బ్రష్షు తీసుకుని గీత గీతనీ రుద్దాడు. మొండి మరక. మధ్యాహ్నం భోజనం మానేసి మరీ రుద్దాడు. కళ్ళు తుడుచుకుంటూ రుద్దాడు. సాయంత్రానికి చొక్కా దుకాణంలోంచి వచ్చినట్టయింది. ఇస్త్రీ చేసి, తన చేతనైనంత అందంగా మడతపెట్టి, “ఇదిగోరా, మడతంటే ఇదీ” అన్నాడు.

గురువారం పొద్దున స్టోరు సార్జంటు లాండ్రీకి వచ్చాడు. సామాన్ల సంచీలకు చీటీలు కట్టేది ఆయనే. మామూలుగా ఆయన గొంతు ఆయనకంటే ముందు వస్తుంది. ఆరోజు తేలు కుట్టిన దొంగలా వచ్చి, తలుపు దగ్గరగా వేసి, “బాబాయ్, మంగళవారం సంచీ ఉతికేశావా?” అని అడిగాడు.

“ఆకుపచ్చ చీటీ కదండీ. ఆ రోజే ఉతికాను.”

సార్జంటు నెత్తి పట్టుకున్నాడు. “వాడి అక్క వచ్చింది. బస్సు కండక్టరట. మావాడు మెట్ల మీద జారే రకం కాదు, ఎవరో కొట్టారు అంటోంది. పైనుంచి విచారణ వెయ్యమన్నారు. సంచీకి ఎర్ర చీటీ కట్టమన్నారు.”

“ఇప్పుడు కడితే ఏం లాభమండీ?”

“అదే కదా నేనూ అంటున్నది! లోపల ఏమైనా ఉందా? మరకలూ అవీ?”

బాబాయ్ చేతిలో ఉన్న తువ్వాలు మడత వేశాడు. మళ్ళీ వేశాడు. “వీపు మీద గ్రీజు ఉందండి.”

“గ్రీజంటే? ఎక్కడో ఆనుకుని ఉంటాడు.”

“ఆనుకుంటే మరక అలికినట్టు ఉంటుందండీ. ఇది అచ్చు వేసినట్టు ఉంది. గీతలు గీతలుగా.” ఆ మాట అన్నాకే అతను ఆ మాట విన్నాడు. గీతలు. పక్కపక్కన. కింద ఒక వంపు. అతని చెయ్యి తువ్వాలు మీద ఆగిపోయింది. “బూటండీ అది. బూటు అడుగు.”

సార్జంటు తలుపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత భుజం మీద చెయ్యి వేసి మెత్తగా చెప్పాడు. “చూడు బాబాయ్. ఆ చీటీ డాక్టరు రాకముందే రాశాను. తొందరలో రాశాను. నా తప్పే. కానీ ఉతికింది నువ్వు. సాక్ష్యం కడిగేశాడంటే నిన్నంటారు గానీ నన్ననరు. నీకింకా రెండేళ్ళ సర్వీసుంది. క్వార్టరు ఖాళీ చేసి ఈ వయసులో ఎక్కడికి పోతావు? చూశానన్నది నువ్వే, కడిగిందీ నువ్వే. ఎవడు నమ్ముతాడు?”

సార్జంటు వెళ్ళిపోయాక బాబాయ్ కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. చూశానా? చూశాననే అనుకుంటున్నాడు. ఎడమ వైపా, కుడి వైపా? ఒకటా, రెండా? పోయిన ఏడాది గారేజీ మెకానిక్కు చొక్కా మీద కూడా ఇలాంటిదే ఉతికాడు కదా, దాన్ని దీన్నీ కలిపేసుకోవడం లేదు కదా? కళ్ళు మూసుకుంటే మరక కనిపిస్తోంది. కాసేపటికి అదే మరక పోయినవారం దుప్పటి మీద కూడా కనిపిస్తోంది. ఇంకాసేపటికి గోడ మీద, సున్నంలో, నీళ్ళ తొట్టిలో. ముప్పై ఒక్క ఏళ్ళు మరకలు పోగొట్టినవాడికి ఒక్క మరకను నిలబెట్టుకోవడం చేతకాలేదు.

ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు.

“నోరు మూసుకుని ఉండు” అంది ఆవిడ. “అడుసు తొక్కనేల, కాలు కడగనేల.”

“నేను తొక్కలేదే. ఎవడో తొక్కాడు. నేను కడిగాను.”

ఆవిడ కంచం పెడుతూ ఆగింది. “ఆ పిల్లాడేనా, మన ఇంటికొచ్చి చీపురుతో క్రికెట్టు ఆడింది?”

“వాడే.”

“అయితే వెళ్ళి చెప్పు.”

“ఇప్పుడేగా నోరు మూసుకోమన్నావు?”

“అప్పుడు ఎవడో అనుకున్నాను” అంది ఆవిడ, అంతకంటే తేలికైన సంగతి లేనట్టు.

చెప్పాలని తేలింది గానీ, ఎక్కడ చెప్పాలి? శుక్రవారం పొద్దున తలస్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని పరిపాలన భవనానికి వెళ్ళాడు. కారిడార్లో రెండు తలుపులు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకదాని మీద “విచారణ” అని ఉంది. బయట తుపాకీ పట్టుకున్న సిపాయి నిలబడ్డాడు. రెండోదాని మీద “బాధితుల, మృతుల కుటుంబాల సహాయ విభాగం” అని, దాని కింద “లోపలికి రండి, మీ మాట వింటాం” అని ఉంది. బయట ఒక పూలకుండీ ఉంది. మనిషన్నవాడు ఏ తలుపు తోస్తాడు?

లోపల మెత్తటి సోఫా ఉంది. ఎంత మెత్తనిదంటే, కూర్చున్నవాడు మోకాళ్ళు గడ్డానికి తగిలేదాకా దిగిపోతాడు, లేవాలంటే ఇంకొకరు చెయ్యి ఇవ్వాలి. బహుశా అందుకే పెట్టారేమో. ఆ విభాగంలో ఉన్నది ఒక్కతే ఉద్యోగి. పోయినవాళ్ళ ఇంటివాళ్ళకు, దెబ్బలు తిన్నవాళ్ళకు గది చూపించడం, వకీలును పిలిపించడం, విచారణలో పక్కన కూర్చోవడం ఆమె పని. అందరూ ఆమెను తోడు మేడమ్ అంటారు. మంచి మనిషి. ఆమె ఎదుటివాళ్ళ కప్పులో టీ చల్లారనివ్వదు.

బాబాయ్ అంతా చెప్పాడు. చీటీ, గ్రీజు, కిరసనాయిలు, గుండీలు తిన్న తలుపు. సార్జంటు పేరు మాత్రం ఎత్తలేదు. మేడమ్ మధ్యలో ఒక్క మాట అడ్డు రాలేదు. చివర్లో “ఇందులో మీ తప్పు లేదు” అంది.

“తప్పు లేదంటారేంటి మేడమ్? నేనే కదా ఉతికింది?”

“ఇక్కడికి వచ్చిన అందరికీ ముందు ఈ మాట చెప్పాలి” అంది ఆమె. కాస్త సిగ్గుపడింది కూడా. తర్వాత బల్ల మీద రెండు కాగితాలు పెట్టింది. ఒకటి నీలం, ఒకటి తెలుపు. ఏదో వివరంగానే చెప్పింది. నీలం మీద సంతకం పెడితే ఇలా, తెల్లదాని మీద పెడితే అలా, మీ ఇష్టం, బలవంతం లేదు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. బాబాయ్ తలూపుతూనే ఉన్నాడు. అతని చెవుల్లో మూడు రోజులుగా హోరు. రెండింటిలో నీలం కాగితమే దగ్గరగా ఉంది. దాని మీద సంతకం పెట్టాడు. మేడమ్ ఒక్క క్షణం అతన్ని చూసి, “ఆలోచించుకునే పెట్టారు కదా?” అంది. “ఆ” అన్నాడు. ఆమె కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది. బాబాయ్ ఆమె చెయ్యి పట్టుకుని సోఫాలోంచి లేచాడు. చెప్పేశాను, ఇక వాళ్ళు చూసుకుంటారు అనుకున్నాడు. ఆ రాత్రి నాలుగు రోజుల తర్వాత నిద్రపోయాడు.

శని, ఆది, సోమ. ఎవరూ పిలవలేదు. మంగళవారం విచారణ గుమాస్తా మామూలుగానే వచ్చి మామూలుగానే బట్టలు వేసి వెళ్ళాడు. బుధవారం సార్జంటు దూరం నుంచే నవ్వి చెయ్యి ఊపాడు. బాబాయ్‌కి ఏమీ అర్థం కాలేదు. అంత పెద్ద మాట చెప్పాడే! చెరువులో రాయి వేస్తే బుడుంగుమనైనా అనాలి కదా? ఒకవేళ చెప్పలేదేమో, చెప్పినట్టు కలగన్నాడేమో. ఒకవేళ వాళ్ళు విని, ముసలాడి చాదస్తమని తీసిపారేశారేమో. ఒకవేళ బూటే లేదేమో. పదో రోజుకు అతను మరకను మళ్ళీ గ్రీజు మరక అనే అనుకోవడం మొదలుపెట్టాడు. మనసుకు అది హాయిగానే ఉంది. ఆ హాయి చూస్తేనే అతనికి భయం వేసింది.

పదకొండో రోజు, సోమవారం, సంచీ పట్టుకుని సహాయ విభాగానికి రమ్మన్నారు. ఉతికిన బట్టలు విచారణకు పనికిరావని తిప్పి పంపేశారట. ఇంటివాళ్ళకు ఇచ్చెయ్యమన్నారట. శుక్రవారం విచారణ మూసేస్తారట. ప్రమాదమేనని రాస్తారట. ఇదంతా సంచీ అందించిన గుమాస్తా చెప్పాడు, వాన వచ్చేలా ఉందని చెప్పినట్టు.

ఈల అక్క సోఫాలో కాకుండా కిటికీ పక్క చెక్క కుర్చీలో కూర్చుంది. ముప్పై ఏళ్ళుంటాయి. నిలబడి పనిచేసే మనుషుల్లాగా కూర్చున్నా పాదాలు రెండూ నేల మీద గట్టిగా ఆనించి కూర్చుంది. ఆమె ఒళ్ళో సహాయ విభాగం వాళ్ళు ఇచ్చిన చిన్న పుస్తకం ఉంది.

“మూడో వారం కోపం రావచ్చని రాశారు మేడమ్ ఇందులో” అంటోంది. “నాకు మొదటిరోజే వచ్చింది. రూలు తప్పానేమో, మన్నించండి.”

తోడు మేడమ్ టీ పోసింది.

బాబాయ్ సంచీ విప్పి బట్టలు బల్ల మీద పేర్చాడు. చేతులు వాటంతట అవే అంచులు సరిచేస్తున్నాయి. ఆమె చొక్కా తీసుకుని మొహానికి ఆనించుకుంది. వెంటనే తీసేసింది.

“సబ్బు వాసన” అంది. “మా వాడి వాసన ఏది?”

ఇన్నేళ్ళలో బాబాయ్ ఎన్ని సంచీలు ఇచ్చాడో లెక్క లేదు. ఎంతోమంది అతనికి దండాలు పెట్టారు, కొత్తవాటిలా ఉంచావయ్యా అన్నారు. ఈ మాట ఎవరూ అడగలేదు. అడగని వాళ్ళందరూ ఇంటికెళ్ళి చొక్కాల్లో ఏం వెతుక్కున్నారో అతనికి అప్పుడే తట్టింది.

“ఎవరు ఉతికారు?”

“నేనేనమ్మా.”

“మరకలున్నాయా?”

బాబాయ్ కిటికీలోంచి బయటకు చూశాడు. మైదానంలో ఎవరో కవాతు చేస్తున్నారు.

“పదేళ్ళ నుంచి కండక్టర్ని, బాబాయ్ గారూ” అంది ఆమె. గొంతు పెంచలేదు. “టికెట్టు లేనివాడు నేను దగ్గరికి రాగానే ఇలాగే కిటికీలోంచి చూస్తాడు. బయట ఏదో గొప్ప వింత ఉన్నట్టు. మరకలున్నాయా?”

“నేను చెప్పేశానమ్మా!” బాబాయ్ ఇటు తిరిగాడు. “పది రోజులైంది చెప్పి. వీపు మీద బూటు గుర్తు ఉందని చెప్పాను. వాళ్ళు నిన్ను పిలిచి చెప్పలేదా?”

అక్క మెల్లగా లేచి నిలబడింది.

“ఎవరికి చెప్పారు?”

బాబాయ్ తోడు మేడమ్ వైపు చూపించాడు. అక్క కూడా అటు తిరిగింది. “మేడమ్, మీకు తెలుసా? పది రోజులుగా నా పక్కనే కూర్చుంటున్నారు. నాకు టీ పోస్తున్నారు. మీకు తెలుసా?”

తోడు మేడమ్ మొహం గోడ సున్నంలా అయిపోయింది. “నేను ఏమీ చెప్పడానికి లేదమ్మా” అంది. “తెలుసనీ అనకూడదు, తెలియదనీ అనకూడదు. నాకు చెప్పింది, చెప్పినవాళ్ళు వద్దంటే, ఈ గది దాటకూడదు. అందుకే మనుషులు నాకు చెబుతారు.” ఆమె బాబాయ్ వైపు తిరిగింది. “మీరు నీలం కాగితం మీద సంతకం పెట్టారు. నాతో చెప్పుకుని గుండె బరువు దింపుకోవడానికి అది. విచారణకు వెళ్ళేది తెల్లది. ఆలోచించుకున్నారా అని అడిగాను.”

“నీలం దగ్గరగా ఉందని పెట్టాను మేడమ్.”

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇందులో ఎవరిని తిట్టాలో ముగ్గురికీ తెలియలేదు. నమ్మకంగా చీటీ చూసి ఉతికినవాడు ఒకడు, నమ్మకంగా మాట దాచినావిడ ఒకతె. ఎవరి పని వాళ్ళు చక్కగా చేశారు. అందరి పనీ కలిసి ఒక మనిషిని మెట్ల మీద నుంచి జారిపడ్డట్టు చేసింది.

అక్క కుర్చీలో కూర్చుండిపోయింది. “వాడు ఫోన్లో నాకు తలుపే చెప్పేవాడు” అంది, ఎవరితోనో అన్నట్టు. “మాట ముద్దగా వస్తోందేంటిరా అంటే పెదవికి తలుపు తగిలిందక్కా అన్నాడు. చివరిసారి మాత్రం, అక్కా, ఇక్కడి తలుపులకు చేతులున్నాయి అన్నాడు. జోకు వేశాడనుకుని నవ్వాను.”

బాబాయ్ కూడా నవ్వాడు కదా ఒకప్పుడు. మూడు గుండీలు తినే తలుపు.

“తెల్ల కాగితం ఇవ్వండి మేడమ్” అన్నాడు.

మేడమ్ ఈసారి గబగబా ఇవ్వలేదు. “పెడితే మిమ్మల్ని కూడా అడుగుతారు. ఎందుకు ఉతికావంటారు. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటారు. ఉద్యోగం మీదకు రావచ్చు. ఇది మీకు చెప్పడం కూడా నా పనే.”

“మీ పనులన్నీ ఇలాగే ఉంటాయేంటి మేడమ్” అంటూ అతను కలం అందుకున్నాడు.

మర్నాడు పదింటికి విచారణ గదిలో విచారణాధికారి బల్ల అవతల కూర్చున్నాడు. పక్కన టైపిస్టు సిపాయి. ఇటువైపు గోడ వెంట అక్క, ఆమె పక్కన తోడు మేడమ్. మేడమ్‌కు అక్కడ కూర్చునే హక్కు ఉంది, మాట్లాడే హక్కు లేదు.

“గుర్తు చూశానంటున్నారు. ఎన్ని?”

“ఒకటండి.” ఆగాడు. “ఒకటే అనుకుంటానండి.”

“ఎటువైపు?”

“ఎడమ... చొక్కా బోర్లిస్తే ఎడమ కుడి అవుతుంది కదండీ... నేను బోర్లించి చూశాను.”

అధికారి ఊపిరి వదిలి ఒక తెల్లకాగితం తోశాడు. “గీయండి.”

బాబాయ్ గీశాడు. గీసింది తనకే ఏమిటో తెలియలేదు.

“ఇదేమిటి, చేపా?” అన్నాడు అధికారి. టైపిస్టు ముసిముసిగా నవ్వి, అక్క మొహం చూసి మానుకున్నాడు.

బాబాయ్‌కి మరక మళ్ళీ జారిపోతోంది. మెకానిక్కు చొక్కా, దుప్పటి, గోడ, అన్నీ కలిసిపోతున్నాయి. లేదనేస్తే పోతుందేమో. సరిగ్గా గుర్తులేదనేస్తే అబద్ధం కూడా కాదు.

అక్క లేచింది. చేతిలో ఉన్న చొక్కా తెచ్చి బల్ల మీద పెట్టింది. అతని మడత అతని ముందే విప్పి, బోర్లించి పరిచింది. “కాగితం మీద వద్దు బాబాయ్” అంది. ఈసారి గారు లేదు. “దీని మీద చూపించు.”

బాబాయ్ చొక్కా వంక చూశాడు. తర్వాత చుట్టూ చూశాడు. “బ్రష్షు ఉందాండీ?”

“బ్రష్షా?”

తలుపు పక్కన మేకుకు టోపీలు దులిపే బ్రష్షు వేలాడుతోంది. అతనే వెళ్ళి తెచ్చుకున్నాడు. నిలబడ్డాడు, లాండ్రీ బల్ల దగ్గర నిలబడినట్టు, ఒక కాలు కొంచెం ముందుకు వేసి. ఎడమ అరచేత్తో గుడ్డను బిగబట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. గుర్తు తెచ్చుకోవడం మానేశాడు.

చెయ్యి కదిలింది. రెక్క ఎముక దగ్గర మొదలైంది. ఏటవాలుగా పొట్టి గీత, బ్రష్షు ఎత్తి, పక్కన ఇంకో ఏటవాలు గీత, మళ్ళీ ఎత్తి, ఇంకొకటి. ఆరు. తర్వాత నాలుగు వేళ్ళ ఖాళీ, అక్కడ బ్రష్షు గుడ్డను తాకలేదు. దాని కింద ఒక వంపు, అర్ధచంద్రంలా, రెండుసార్లు గట్టిగా. ఇక్కడే ఎక్కువ రుద్దాల్సి వచ్చింది, ఇక్కడే గ్రీజు ఎక్కువ లోపలికి దిగింది, మడమ కదా. ఆ మాటలు పైకే అంటున్నానని అతనికి తెలియదు. మళ్ళీ పైనుంచి మొదలుపెట్టాడు. ఆరు, ఖాళీ, వంపు. అవే చోట్ల. మూడోసారి కూడా అవే చోట్ల. కళ్ళకు తెలియనిది చేతికి తెలుసు.

టైపిస్టు వేళ్ళు గాల్లో ఆగిపోయాయి. “సార్, దీన్ని ఏమని కొట్టమంటారు?”

అధికారి మెల్లగా కుర్చీ వెనక్కి జరిపి, కాలు మోకాలి మీద వేసుకుని తన బూటు అడుగు చూసుకున్నాడు. టైపిస్టు కూడా బల్ల కిందకు వంగి తన బూటు చూసుకున్నాడు. అతనిది గళ్ళ అడుగు. సిపాయిలందరికీ ఇచ్చేది అదే. అధికారిది వేరే. ఏటవాలు గీతలు, ఖాళీ, వంపు. శిక్షణ ఇచ్చేవాళ్ళకు, వాళ్ళ పైవాళ్ళకు ఇచ్చే రకం. ఆ గదిలో ఎవరి కాలు వాళ్ళు చూసుకున్నాక కొంతసేపు ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

“శుక్రవారం మూసేద్దామనుకున్నాం” అన్నాడు అధికారి చివరకు. ఎవరికి చెబుతున్నాడో తెలియలేదు. “మీ మీద కూడా రాయాలి పెద్దాయనా. ఆ చీటీ రాసినవాడి మీద కూడా.”

“రాయండి” అన్నాడు బాబాయ్.

“ఉతికిన చొక్కా, చేత్తో చూపించిన మరక. ఇది నిలబడుతుందో లేదో నాకూ తెలియదు.” అతను టైపిస్టు వైపు తిరిగాడు. “చూసింది చూసినట్టు కొట్టు. ఎన్నిసార్లు చూపించాడో కూడా కొట్టు. ఒక ఎర్ర చీటీ తీసుకురా.”

తోడు మేడమ్ కళ్ళు తుడుచుకుంది. మాట్లాడకూడదు కాబట్టి మాట్లాడలేదు. టైపిస్టు ఎర్ర చీటీ కోసం సొరుగులన్నీ వెతకసాగాడు.

బాబాయ్ బ్రష్షును మేకుకు తగిలించి వచ్చాడు. బల్ల మీద చొక్కా పరిచే ఉంది, ఒక చెయ్యి అంచు దాటి వేలాడుతోంది. అతని చేతులు వాటంతట అవే ముందుకు సాగాయి. కాలరు సర్ది, ఒక అంచు పట్టుకుని లోపలికి తిప్పబోయాడు.

అక్క అతని మణికట్టు పట్టుకుంది.

“మడత పెట్టకు బాబాయ్” అంది.

అతను ఆగిపోయాడు. అంచు వదిలేశాడు. ఆ తర్వాత తన రెండు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.